కోవాటి వీడియోను క్షేత్ర పరిశీలనలా చూడడం ఎలా?

తెల్లముక్కు కోవాటి రకూన్ కుటుంబానికి చెందిన జంతువు. ఇది అమెరికాలోని ఆరిజోనా, న్యూ మెక్సికోల దక్షిణ భాగం నుంచి మెక్సికో, మధ్య అమెరికాల మీదుగా కొలంబియా వాయవ్య ప్రాంతం వరకు జీవిస్తుంది. హైదరాబాద్‌లో జంతుశాస్త్రం చదివే విద్యార్థులకు దీన్ని తెలుసుకునేందుకు వీడియోలు అందుబాటులో ఉన్నాయి కనుక, నోటుపుస్తకం దగ్గర పెట్టుకుని, మొదటిసారి వ్యాఖ్యానం వినకుండా చూడాలి.

మూతి చుట్టూ తెలుపు, అటూ ఇటూ కదిలే పొడవాటి ముక్కు, నడిచేటప్పుడు తరచూ నిటారుగా ఎత్తి ఉంచే తోక దీని గుర్తులు. దక్షిణ అమెరికా కోవాటికి మూతిపై ఇంత తెలుపు ఉండదు.

ఆ తర్వాత అది ఒంటరిగా ఉందా, గుంపులో ఉందా అన్నది రాసుకోవాలి; నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన వివరం ఇదే. ఆడవి, పిల్లలు గుంపుగా తిరుగుతాయి. రెండేళ్లు దాటిన మగవి విడిగా బతుకుతాయి. పూర్వం కొందరు శాస్త్రజ్ఞులు ఈ ఒంటరి మగవాటిని వేరే జాతిగా భావించారు. అయితే ఒంటరిగా కనిపించిన ప్రతిదాన్నీ మగదని రాయకూడదు. సాధారణంగా జనవరి–మార్చి మధ్య జతకట్టే కాలంలో మగది గుంపులో చేరుతుంది. సుమారు 77 రోజుల గర్భం తర్వాత ఈనే సమయానికి ఆడది గుంపును విడిచి చెట్టుపై గూడు కట్టుకుంటుంది, కొన్ని వారాలకు పిల్లలతో తిరిగి వస్తుంది. అందుకే వీడియో తీసిన నెల తెలిస్తే తప్పక రాసుకోవాలి.

రెండోసారి వేగం తగ్గించి చూడండి. ఆకుచెత్తలో ముక్కు దూర్చి, గోళ్లతో తవ్వి పురుగులను బయటికి లాగుతుంది. నూగున్న గొంగళిపురుగు దొరికితే ముందుకాళ్ల కింద నేలపై దొర్లించి, నూగు రాలాకే తింటుంది. చెట్టు దిగేటప్పుడు వెనుక చీలమండలు వెనక్కి తిరగడం వల్ల తలకిందులుగా దిగగలుగుతుంది.

ఈ పద్ధతి కంటికి అలవాటు కావాలంటే ఉదయం పూట కేబీఆర్ పార్కులో ముంగిసను గమనించండి. అది కోవాటికి దగ్గరి బంధువు కాదు, ఎక్కువగా ఒంటరిగానో జంటగానో కనిపిస్తుంది. కానీ అదీ పగటిపూట నేలపై ఆహారం వెదుకుతుంది. నడకదారి దాటకుండా, తిండి వేయకుండా నిలబడి సమయం, సంఖ్య, తోక తీరు, ముందుకాళ్లు చేస్తున్న పని అక్కడికక్కడే రాసుకోండి.