ఎన్‌ఐసీయూలో బిడ్డ పక్కన ఎలా మెలగాలి

నెలలు నిండకుండా పుట్టి ఎన్‌ఐసీయూలో (పసికందుల ఇంటెన్సివ్ కేర్ విభాగం) ఉన్న బిడ్డను చూడటానికి వచ్చిన అమ్మానాన్నలు ముందు మానిటర్ వైపే చూస్తారు. ఆ అంకెల సంగతి మాలాంటి నర్సులకు వదిలేయండి. మీరు బిడ్డ చేతివేళ్లు చూడండి. వేళ్లు ముడుచుకుని నోటి దగ్గర ఉంటే హాయిగా ఉన్నట్టు. ఐదు వేళ్లూ విచ్చుకుని బిగుసుకుంటే, ఊరికే వెక్కిళ్లూ ఆవలింతలూ వస్తుంటే, చుట్టూ ఉన్న సందడిని తట్టుకోలేకపోతోందని అర్థం. కాసేపు కదలకుండా, మాట్లాడకుండా ఉండండి. ఒంటి రంగు మారితే మాత్రం వెంటనే మమ్మల్ని పిలవండి.

అన్నిటికన్నా నాకు బెంగ శబ్దం గురించే. గర్భంలో సుమారు 25 వారాలకే బిడ్డకు వినికిడి మొదలవుతుంది. కడుపులోనే ఉంటే అమ్మ గొంతు, గుండె చప్పుడు మెత్తగా వినిపించే వయసది. ఇక్కడేమో అలారాలు, బండ్ల చక్రాలు. శబ్దం 45 డెసిబెల్స్ దాటకుండా చూడాలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 1997లోనే చెప్పింది. ఇంక్యుబేటర్ (బిడ్డను వెచ్చగా ఉంచే పెట్టె) మీద సీసా పెట్టినా, వేలితో తట్టినా లోపల పెద్ద చప్పుడవుతుంది. బిడ్డ ఉలిక్కిపడుతుంది, గుండె వేగం మారుతుంది, రక్తంలో ఆక్సిజన్ పడిపోవచ్చు, మెదడు ఎదుగుదలకు కావలసిన నిద్ర చెదురుతుంది. అందుకే దాని మీద ఏమీ పెట్టకండి. చేతులు పెట్టే చిన్న తలుపును పట్టుకుని నెమ్మదిగా మూయండి. ఫోను సైలెంట్‌లో పెట్టండి.

వెలుతురు ఎక్కువనిపిస్తే పైన గుడ్డ కప్పవచ్చా అని అడగండి, మీరే కప్పేయకండి.

ముట్టుకునే ముందు గాజులు, ఉంగరాలు తీసి మోచేతుల దాకా కడుక్కోండి. నిమరకండి, ఆ పలచని చర్మానికి అది చిరాకు. ఒక అరచేతిని తల మీద, రెండోదాన్ని ముడిచిన కాళ్ల మీద కదపకుండా ఆనించి ఉంచండి.

డాక్టర్ సరే అనగానే కంగారూ మదర్ కేర్, అంటే బిడ్డను మీ ఒంటికి ఆనించి గుండెల మీద పడుకోబెట్టుకోవడం, మొదలుపెట్టండి. ఇంక్యుబేటర్లు చాలక 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైన పద్ధతి ఇది. రోజుకు 8 నుంచి 24 గంటలు ఇలా ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. ముందు తెరుచుకునే జాకెట్టు వేసుకోండి. టోపీ, డైపర్ మాత్రమే ఉన్న బిడ్డను మీ రొమ్ముల మధ్య నిలువుగా పడుకోబెట్టి, ముక్కు మూసుకుపోకుండా తల పక్కకు తిప్పండి. నాన్న కూడా చేయవచ్చు, మొహమాటం వద్దు.

పరీక్షకు మడమ నుంచి రక్తం ఎప్పుడు తీస్తారో సిస్టర్‌ను ముందే అడగండి. ఆ సమయానికి బిడ్డ మీ గుండెల మీద ఉంటే నొప్పి తగ్గుతుంది. రక్తం అలాగే తీయవచ్చు.