షటిల్‌లో పీక్ ఏ వయసుకి వస్తుందో ఇంట్లోనే లెక్క వేసుకోవడం ఎలా

విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ సాయంత్రం షటిల్ కోర్టు బయట బెంచీ మీద కూర్చున్న తండ్రుల్ని పలకరించండి, పది నిమిషాల్లో ఈ మాట వచ్చి తీరుతుంది: "మావోడికి 16 వచ్చేశాయండీ, ఇంకా స్టేట్ ఆడలేదు, చదువులో పడేస్తే మంచిదేమో." సింధుకి 18 ఏళ్లకే వరల్డ్ ఛాంపియన్‌షిప్ పతకం వచ్చిందని ఆయన ఎక్కడో చదివుంటాడు, ఆ లెక్కన కొడుక్కి టైమ్ అయిపోవచ్చినట్టే. పక్కనే ఇంకో తండ్రి, ఆయన కొడుకు అండర్-13లో జిల్లా ఫస్టు, ఆయన నోట ఒలింపిక్స్ తప్ప వేరే మాట రాదు. ఇద్దరూ చూస్తున్నది బర్త్ సర్టిఫికెట్‌నే, అందుకే ఇద్దరి లెక్కా తప్పుతుంది. మరి పిల్లాడి పీక్, అంటే ఆట బాగా వెలిగే కాలం, ఎప్పుడొస్తుందో తెలియాలంటే ఏం చూడాలి, ఎలా రాసుకోవాలి అన్నదే ఇక్కడ చెప్తున్నా. ఒక లాంగ్ నోట్‌బుక్, ఒక పెన్సిల్, కాస్త ఓపిక ఉంటే చాలు.

ముందు ఒక ఉదాహరణ. కిదాంబి శ్రీకాంత్, సాయి ప్రణీత్, ప్రణయ్, ఈ ముగ్గురూ 1992 జూలైకీ 1993 ఫిబ్రవరికీ మధ్య పుట్టినవాళ్లు, ముగ్గురూ హైదరాబాద్‌లో గోపీచంద్ దగ్గర తయారైనవాళ్లు. శ్రీకాంత్ 2017లో, 24 ఏళ్ల వయసులో, ఇండోనేషియా, ఆస్ట్రేలియా, డెన్మార్క్, ఫ్రాన్స్, ఇలా ఒకే ఏడాదిలో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు కొట్టి మరుసటి ఏప్రిల్‌లో వరల్డ్ నంబర్ వన్ అయ్యాడు. ప్రణీత్ వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో కాంస్యం తెచ్చుకున్నది 2019లో, 27 ఏళ్లకి. ప్రణయ్‌కి మొదటి వరల్డ్ టూర్ టైటిల్ 2023లో మలేషియా మాస్టర్స్‌లో వచ్చింది, అప్పటికి 30 నిండాయి, అదే ఏడాది ఆగస్టులో కోపెన్‌హేగన్‌లో డెన్మార్క్ ఆటగాడు అక్సెల్సన్‌ని ఆయన సొంత జనం ముందే ఓడించి వరల్డ్ ఛాంపియన్‌షిప్ కాంస్యం పట్టుకొచ్చాడు. ఒకే ఈడు, ఒకే కోచ్, అయినా మంచి రోజులు ఆరేళ్ల తేడాతో వచ్చాయి. పైగా శ్రీకాంత్ మధ్యలో వెనకబడి మళ్లీ 28 ఏళ్లకి, 2021లో వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ ఆడి రజతం తెచ్చాడు, అంటే పీక్ ఒక్కసారే రావాలని కూడా రూలు లేదు. వరిలో త్వరగా పండే 1010 రకం కోతకొచ్చే రోజుకి, ఆలస్యంగా పండే స్వర్ణ కోసేస్తే తాలే మిగులుతుంది కదా, ఇదీ అంతే.

ఒంటి వయసు ముందు రాయండి

తలుపు పక్క గోడకి పిల్లాణ్ణి ఆనించి నిలబెట్టండి. మడమలు గోడకి తగలాలి, గడ్డం పైకెత్తకూడదు, తల మీద అట్ట ఉన్న పుస్తకం సమంగా పెట్టి దాని కింద పెన్సిల్‌తో గీత గీసి తేదీ వెయ్యండి. పొద్దున్నే కొలవండి, ఎందుకంటే సాయంత్రానికి ఎవరైనా కొంచెం కుంగుతారు, ఒకసారి పొద్దున ఒకసారి రాత్రి కొలిస్తే లెక్క పాడవుతుంది. మూడు నెలలకోసారి చాలు. ఆడపిల్లలు సగటున 12 ఏళ్ల దగ్గర్లో, మగపిల్లలు 14 దగ్గర్లో చాలా వేగంగా పెరుగుతారు, కానీ ఆ సగటుకి అటూ ఇటూ రెండేళ్లు జరగడం మామూలే. అందుకే ఒకే క్లాసులో ఒకడికి మీసాలొస్తాయి, ఇంకొకడు ఇంకా ఐదో తరగతి పిల్లాడిలా ఉంటాడు. ఆ మీసాలొచ్చినవాడే అండర్-13, అండర్-15 కప్పులు ఎత్తుకుపోతుంటాడు, ఆటలో మెరుగని కాదు, వాడి టాస్ (ఎత్తుగా వెనక్కి కొట్టే షాట్) బేస్‌లైన్ దాకా వెళ్తుంది, రెండోవాడిది మధ్యలోనే పడుతుంది, అంతే తేడా. రెండోవాడు పెరిగాక కథ మారుతుంది.

పుట్టిన నెల కూడా రాయండి. ఈ కేటగిరీలకి లెక్క జనవరి 1 నుంచి, కాబట్టి జనవరిలో పుట్టినవాడూ డిసెంబర్‌లో పుట్టినవాడూ ఒకే గ్రూపులో ఆడతారు, 13 ఏళ్లప్పుడు పదకొండు నెలల తేడా అంటే మాటలా! కొందరు ఇదంతా ఎందుకని సర్టిఫికెట్‌లో ఏకంగా రెండేళ్లు కోసేస్తారు. దొరికితే నిషేధం, అది సరే, దొరక్కపోయినా నష్టమే. తనకంటే చిన్నవాళ్లని బలంతో కొట్టడం అలవాటైన పిల్లాడు బుర్రపెట్టి ఆడటం నేర్చుకోడు, 19 దాటాక కేటగిరీల నీడ పోయేసరికి చేతిలో ఏమీ ఉండదు.

గోడ మీద గీతలు దూరం దూరంగా పడుతున్న నెలల్లో ఆట తప్పకుండా కుంటుపడుతుంది. చెయ్యి పొడవు పెరిగితే కాక్‌ని కొట్టే చోటు మారిపోతుంది, మొన్నటిదాకా నెట్ మీంచి జారిన డ్రాప్ ఇప్పుడు టేపుకి తగులుతుంది, పిల్లాడికి కోపం, కోచ్‌కి అనుమానం, మనకి టెన్షన్. ఆ ఆరేడు నెలలూ జంప్ స్మాష్‌లు తగ్గించి, సర్వీసు, నెట్ దగ్గర డ్రిబుల్, ఫుట్‌వర్క్ మీద ఉంచమని కోచ్‌ని అడగండి. మోకాలి చిప్పకి కాస్త కింద ఎముక దగ్గర నొప్పి, లేకపోతే మడమ వెనక నొప్పి అంటే "ఎదుగుదల నొప్పులే" అని కొట్టిపారెయ్యకుండా డాక్టరుకి చూపించండి. సిమెంటు కోర్టు మీద ఆడేవాళ్లయితే మరీ జాగ్రత్త.

ఆట వయసు అంటే వేరే లెక్క

అసలు కీలకం ఇది. పిల్లాడు మొదటిసారి బ్యాట్ పట్టుకున్న రోజుని లెక్కలోకి తీసుకోకండి. ధనుర్మాసంలో వీధిలో సున్నంతో గీతలు గీసి, కర్రకి బల్బు కట్టి, ప్లాస్టిక్ కాక్‌తో పదిమందీ వంతులేసుకుని ఆడే ఆట బ్రహ్మాండంగా ఉంటుంది, ఆట మీద ప్రేమ పుట్టేది కూడా అక్కడే, కానీ అది ఈ ఖాతాలో వెయ్యకూడదు. ఫెదర్ కాక్ కొట్టగానే దూసుకెళ్లి చివర్లో ఒక్కసారిగా నెమ్మదిస్తుంది, ప్లాస్టిక్ కాక్ తీరు వేరు, నెట్ దగ్గర చేతికి తెలిసే తేడా ఇంకా ఎక్కువ. కోచ్ చూస్తుండగా, ఫెదర్ కాక్‌తో, వారానికి కనీసం నాలుగు రోజులు ఆడటం మొదలైన నెల నుంచి లెక్కపెట్టండి. అందులోంచి పదో తరగతి పరీక్షలకి ఆపిన నెలలు, జ్వరాలు, కోర్టు మూసేసిన నెలలు తీసెయ్యండి. మిగిలిందే ఆట వయసు.

ఇప్పుడు మన 16 ఏళ్ల కుర్రాడి సంగతి చూద్దాం. 12 ఏళ్లకి అసలు కోచింగ్ మొదలెట్టి, మధ్యలో ఒక ఏడాది పోతే, వాడి ఆట వయసు మూడేళ్లు. హైదరాబాద్‌లో ఏడేళ్లకి మొదలెట్టినవాడిది తొమ్మిది. ఈ ఇద్దర్నీ స్టేట్ మీట్‌లో నెట్‌కి అటొకణ్ణి ఇటొకణ్ణి నిలబెట్టి మనవాడు 21-10 ఓడాడని ఏడవడంలో అర్థం లేదు. థాయ్‌లాండ్ అమ్మాయి రచనోక్ ఇంతనాన్ 2013లో 18 ఏళ్లకే వరల్డ్ ఛాంపియన్ అయింది కదా అంటారు. నిజమే, కానీ ఆమె తల్లిదండ్రులు బ్యాంకాక్‌లో పనిచేసిన మిఠాయిల ఫ్యాక్టరీ యజమానిదే బ్యాడ్మింటన్ క్లబ్బు కూడా, చిన్నప్పటి నుంచీ కోర్టులోనే పెరిగింది. 18 ఏళ్ల ఛాంపియన్ వెనక పదేళ్ల పైచిలుకు ఆట ఉంది.

అదే టోర్నీ సెమీస్‌లో సింధు ఆమె చేతిలోనే ఓడి కాంస్యం తెచ్చుకుంది. ఇద్దరూ 1995లో పుట్టినవాళ్లే. సింధు రియోలో రజతం గెల్చింది 21 ఏళ్లకి, వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్స్ 2017లో, 2018లో వరసగా ఓడి, 2019లో జపాన్ అమ్మాయి ఒకుహారాని 21-7, 21-7తో చితక్కొట్టింది 24కి, టోక్యోలో కాంస్యం 26కి. ఆడపిల్లలకి ఒళ్లు ముందే స్థిరపడుతుంది కాబట్టి పెద్ద ఫలితాలు త్వరగా మొదలవుతాయి, అంతేగానీ త్వరగా ముగియాలని లేదు. మన దగ్గర ఇంటర్ మొదటి ఏడాదిలోనే అమ్మాయి బ్యాట్ బీరువా మీదకెక్కేస్తుంటే పీక్ గురించి మాట్లాడుకోవడం దేనికి?

కాళ్ల ఆటా, కళ్ల ఆటా

ఇది కోర్టు దగ్గరే చూడాలి. మీ పిల్లాడి వెనక, బేస్‌లైన్‌కి దూరంగా నిలబడండి, కాక్‌ని చూడకండి, పాదాల్ని చూడండి. ఎదుటివాడు కొట్టే క్షణానికి సరిగ్గా చిన్న గెంతు వేసి రెండు పాదాల మీదా సిద్ధంగా దిగుతున్నాడా, లేక కాక్ బయల్దేరాక కదిలి పరుగెత్తి అందుకుంటున్నాడా? ఇరవై ర్యాలీలు చూసి గీతలు పెట్టుకోండి. మళ్లీ మూడో గేమ్‌లో, అలిసిపోయాక, ఇంకోసారి. పరుగుతో నెట్టుకొచ్చేవాడికి ఇరవైల మొదట్లో బాగా వెలుగొస్తుంది, కాళ్లు బరువెక్కగానే తగ్గుతుంది. ముందే పసిగట్టేవాడు నెమ్మదిగా పైకొస్తాడు, ఎక్కువ కాలం ఉంటాడు. కాళ్లతో మొదలెట్టి కళ్లకి మారినవాళ్లది అన్నిటికంటే పొడుగు కెరీర్. చైనా ఆటగాడు లిన్ డాన్ 20 ఏళ్లకే నంబర్ వన్, ఒలింపిక్ స్వర్ణాలు 24కీ 28కీ, 32 ఏళ్లకి కూడా ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. మలేషియా ఆటగాడు లీ చోంగ్ వీ రియో ఒలింపిక్స్ ఫైనల్ ఆడింది 33 ఏళ్లకి. అక్సెల్సన్ వరల్డ్ టైటిల్ 23కి, ఒలింపిక్ స్వర్ణాలు 27కీ 30కీ. కాబట్టి పిల్లాడిది కాళ్ల ఆటైతే కంగారేం లేదు, ఆటలో రెండో మార్గం, అంటే ముందే పసిగట్టడం, ఎప్పుడు నేర్పుతారో కోచ్‌ని ఇప్పుడే అడగండి.

డబుల్స్ అంటే చిన్నచూపు ఎందుకో నాకర్థం కాదు. సింగిల్స్‌లో పనికిరానివాణ్ణి డబుల్స్‌లో పడేశారని బాధపడిపోతారు. ఇండోనేషియా ఆటగాడు హేంద్రా సెతియవాన్, అహ్‌సాన్‌తో కలిసి 2019 వరల్డ్ ఛాంపియన్‌షిప్ డబుల్స్ ఫైనల్ గెలిచిన రోజు ఆయన 35వ పుట్టినరోజు. సగం కోర్టే కాపాడుకోవాలి, సర్వీసు, రిటర్న్, ఎక్కడ నిలబడాలన్న తెలివి, ఇవి వయసుతో పదునెక్కేవే. గుత్తా జ్వాల, అశ్వినితో కలిసి వరల్డ్ ఛాంపియన్‌షిప్ కాంస్యం తెచ్చింది 27 ఏళ్లకి. అలాగని డబుల్స్‌లో కుర్రాళ్లు పైకి రారని కాదు, మన అమలాపురం సాత్విక్, చిరాగ్‌తో కలిసి నంబర్ వన్ అయ్యేసరికి వయసు 23. ఇటు నుంచి అటే కాదు, శ్రీకాంత్ ముందు డబుల్స్ ఆడుతుంటే గోపీచంద్ సింగిల్స్‌కి మార్చాడు. పదిహేడేళ్ల దాకా రెండూ ఆడనివ్వండి.

గాయాలకి విడిగా ఒక పేజీ ఉంచండి. ఏ నెలలో ఏ నొప్పి, ఎన్నాళ్లు ఆపాం, ఎప్పుడు మళ్లీ పూర్తిగా దిగాం. గోపీచంద్ మోకాలి ఆపరేషన్లు దాటుకుని ఆల్ ఇంగ్లండ్ గెలిచింది 2001లో, 27 ఏళ్లకి, మోకాలు బాగుంటే ఇంకా ముందే వచ్చేదేమో ఎవరు చెప్పగలరు. జపాన్ ఆటగాడు మొమోతా 2019లో పదకొండు టైటిళ్లు గెలిచి, 2020 జనవరిలో మలేషియాలో కారు ప్రమాదంలో గాయపడ్డాక మళ్లీ ఆ స్థాయికి రాలేదు, 29 ఏళ్లకే అంతర్జాతీయ ఆట మానేశాడు. నిద్ర కూడా ఈ పేజీలోనే రాయండి. మంచి ప్రాక్టీసు కోసం విజయనగరం నుంచి విశాఖ వెళ్లాలంటే 60 కిలోమీటర్ల దరిదాపు, శ్రీకాకుళం నుంచైతే 100 పైమాటే, రోజూ తెల్లవారకముందే రైలెక్కించి రాత్రి పదకొండుకి ఇంటికి తెస్తే కోచింగ్‌లో వచ్చింది ప్రయాణంలో పోతుంది. వారానికి రెండు రోజులు అక్కడ, మిగతా రోజులు ఇక్కడ షాడో ప్రాక్టీసు (కాక్ లేకుండా అడుగులూ, షాట్లూ వెయ్యడం), స్కిప్పింగు, ఇంట్లో ఎనిమిది గంటల నిద్ర, నన్నడిగితే అదే నయం.

మనిషి చేతిలో లేనిది కూడా ఒకటుంది. మన ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి వరల్డ్ ఛాంపియన్ అయింది 1994, 1995లలో, 20 ఏళ్ల లోపే మొదలుపెట్టి. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల వెయిట్ లిఫ్టింగ్ పెట్టిందే 2000లో, అందుకే జనానికి గుర్తున్న పతకం 25 ఏళ్లకి వచ్చింది. ప్రకాశ్ పదుకోనె 24 ఏళ్లకి, 1980లో ఆల్ ఇంగ్లండ్ గెలిచే నాటికి షటిల్ ఒలింపిక్స్‌లో లేనే లేదు, 1992లో గానీ రాలేదు. పేపర్లో వచ్చే "పీక్" చాలాసార్లు క్యాలెండర్ ఇచ్చిందే.

ఇక 16, 17 ఏళ్లకి నిర్ణయం తీసుకోవడం. ర్యాంకు చూడకండి, పాత స్కోర్లు చూడండి. అదే ప్రత్యర్థి మీద కిందటేడు 21-9తో ఓడి ఇప్పుడు 21-17 దాకా లాగాడంటే వాడు పైకి వెళ్తున్నాడు. ఆట వయసు ఆరేళ్ల లోపుండి, గోడ మీద గీతలు ఇంకా కదులుతూ, స్కోర్లు దగ్గరవుతుంటే కనీసం ఇంకో రెండేళ్లు ఆపొద్దు, ఇంటర్ పక్కన పెట్టక్కర్లేదు, కాలేజీ ఎంచుకునేటప్పుడే పొద్దున ప్రాక్టీసుకి వీలిచ్చేది చూసుకోండి. ఆట వయసు ఎనిమిదేళ్లు దాటి, ఎదుగుదల ఆగి, రెండేళ్లుగా అదే స్కోరుతో అదే పిల్లల మీద ఓడుతుంటే అప్పుడు కోచ్‌తో కూర్చుని డబుల్స్‌కి మారాలా, యూనివర్సిటీ స్థాయికి గురిపెట్టాలా, స్పోర్ట్స్ కోటా ఉద్యోగం చూడాలా మాట్లాడుకోండి. పిల్లాణ్ణి కూడా కూర్చోబెట్టుకునే మాట్లాడండి, వాడు లేకుండా తేల్చిన నిర్ణయం వారం కూడా నిలవదు. నోట్‌బుక్ వేసవి సెలవుల్లో ఒకసారి, సంక్రాంతి సెలవుల్లో ఒకసారి తీసి చూస్తే చాలు, ప్రతి మ్యాచ్ తర్వాతా తీస్తే పిల్లాడు దాన్ని చూసి పారిపోతాడు.

చదువుతున్న మీకే 33, 34 ఉండి, రాత్రి ఆఫీసు తర్వాత కోర్టుకెళ్లేవాళ్లయితే, మీ కేటగిరీ ఇంకా మొదలే కాలేదు. వరల్డ్ సీనియర్ ఛాంపియన్‌షిప్స్‌లో మొదటి గ్రూపే 35కి పైబడినవాళ్లది. ముందు వార్మప్ చెయ్యకుండా స్మాష్ కొట్టడం మానండి.