ఒకదాని మీద ఒకటి వేసుకునే బట్టల స్కెచ్ ఎలా గీయాలి? బోనీ కాషిన్ చూపిన దారి

చుడీదార్ మీద స్వెటర్, దాని మీద కోటు వేసుకుని చలిదేశంలో తిరిగినవాళ్లకు తెలుసు, చలి కన్నా చంకలో ఉండకట్టిన గుడ్డే ఎక్కువ ఏడిపిస్తుంది. ఆ మూడూ కలిసి ఒంటి మీదికి వస్తాయని కుట్టినవాళ్లెవరూ అనుకోలేదు మరి. అమెరికన్ డిజైనర్ బోనీ కాషిన్ అనుకున్నారు. 1940లలో హాలీవుడ్‌లో ట్వంటియత్ సెంచరీ ఫాక్స్ సినిమాలకు కాస్ట్యూములు గీసి, ఆ తర్వాత న్యూయార్క్‌లో ఆడవాళ్ల రోజువారీ బట్టలకు లేయరింగ్‌నే, అంటే పొర మీద పొరగా వేసుకోవడాన్నే, తన ముద్రగా చేసుకున్నారు.

ముందు మనిషి బొమ్మ గీయండి. ఒక చెయ్యి బస్సులో కమ్మీ పట్టుకున్నట్టు పైకి ఉండాలి. చేతులు దించి నిలబడ్డ బొమ్మకు ఏ కోటైనా నప్పుతుంది, తప్పు బయటపడదు.

ఆ బొమ్మ మీద ట్రేసింగ్ కాగితం పరిచి లోపలి చొక్కా గీయండి. దాని మీద ఇంకో కాగితం వేసి స్వెటర్, ఆపైన మరో కాగితంలో కోటు. ఎప్పుడూ లోపలి నుంచి బయటికే. కోటు ముందు గీస్తే లోపలివి దానికి లొంగి, గుడ్డకు చోటుండదు.

ఇప్పుడు అంకెలు రాయాలి. ఛాతీ 36 అంగుళాలైతే చొక్కాకు 38, స్వెటర్‌కు 41, కోటుకు 45 దాకా పెట్టి చూడండి. గుడ్డ మందాన్ని బట్టి కాస్త అటూ ఇటూ. కేవలం చుట్టుకొలత పెంచితే చాలదు, పై పొర చంక కూడా కింది పొర కన్నా అర అంగుళమైనా దిగాలి. టైలర్లు ఎక్కువగా మర్చిపోయేది ఇదే. కాషిన్ ఈ చిక్కును మొదట్లోనే తెంచేశారు. జపాన్ నో నాటకాల పేరు పెట్టుకున్న ఆమె నో కోటుకు బిగుతైన భుజం ఉండదు. పరిస్తే ఇంగ్లిషు టీ అక్షరంలా వదులుగా ఉంటుంది, అంచుల వెంట తోలు పైపింగ్, అంటే సన్నటి తోలు పట్టీ. మొదటిసారి గీసేవాళ్లకు అంతకన్నా సులువైన ఆకారం లేదు.

తర్వాత బిగింపులు. పైది విప్పకుండా లోపలి జేబు అందాలి, చేతికి గ్లవ్స్ ఉన్నా కోటు మూయగలగాలి. కాషిన్ తన కారు మడతపెట్టే టాపుకున్న ఇత్తడి తిప్పుడు గొళ్లేన్ని చూసి, దాన్నే కోట్లకూ బ్యాగులకూ పెట్టారు. 1962 నుంచి కోచ్ కంపెనీకి డిజైన్ చేసిన బ్యాగుల మీదా అదే కనిపిస్తుంది. పొడవు లంగాను మెట్లెక్కేటప్పుడు పైకి తగిలించుకోవడానికి కుక్క గొలుసు కొక్కెం కూడా వాడారు! కాబట్టి ఇంట్లో ఏ గొళ్లెం కనిపించినా స్కెచ్ పక్కన దాని బొమ్మ వేసి పెట్టుకోండి.

స్కెచ్ కాగితం అంచున ఒక్కో పొరకు వాడే గుడ్డ ముక్కలు పిన్ చేయండి. ఉన్ని మీద ఉన్ని పట్టేస్తుంది, అందుకే కోటుకు జారే లైనింగ్ అని రాసుకోండి.

చివరగా మధ్య కాగితం లాగేయండి. స్వెటర్ లేకుండా కోటు చొక్కా మీద డేరాలా వేలాడుతుంటే నడుము దగ్గర ఒక బెల్టు గీసి, మళ్లీ ఆ కాగితం లోపల పెట్టి చూడండి.