కడుపు క్రిములు, 5వ పాఠం: చచ్చినవి కాదు, మిగిలినవి లెక్కపెట్టండి

పోయిన పాఠంలో కడుపులోని ఆమ్లం క్రిముల్ని చంపుతుందని రాశాను. చాలామంది దాన్ని ‘పులుపు పడితే నీళ్లు శుభ్రం’ అని చదువుకున్నారు. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఒకావిడ బావినీళ్లలో నిమ్మకాయ పిండి పిల్లలకి పట్టారట. రాయగడ నుంచి ఒకాయన, ‘మాస్టారూ, పులిసిన పఖాళలో ఏ క్రిమీ బతకదు కదండీ’ అని అడిగారు (పఖాళ అంటే నీళ్లలో నానబెట్టి పులియబెట్టిన అన్నం). తప్పు నాదే. చంపుతుందని రాసి, ఎన్నిటిని చంపుతుందో రాయలేదు. అందుకే కొత్త పాఠం ఆపి ఇది రాస్తున్నాను. పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ; మిగతా సంగతి 2వ పాఠంలో ఉంది.

ఈ-కోలి అనే పేగుల క్రిమి కడుపులో పడగానే మన తిండిలో ఉండే ప్రోటీన్ ముక్క గ్లుటమేట్‌ని లోపలికి లాక్కుని గాబా అనే ఇంకో పదార్థంగా మారుస్తుంది. మార్చిన ప్రతిసారీ లోపల చొరబడ్డ ఒక ప్రోటాన్ (ఆమ్లానికి పులుపునిచ్చే హైడ్రోజన్ రేణువు) ఖర్చవుతుంది. ఆ గాబాని బయటికి నెట్టి ఇంకో గ్లుటమేట్ తెచ్చుకుంటుంది. చిల్లుపడ్డ నాటుపడవలోంచి నీళ్లు తోడిపోస్తున్నట్టే. ఇలా పీహెచ్ 2.5 దగ్గర కూడా గంటల తరబడి ఉండగలదు.

అసలు గోతి ఇదీ. సాల్మొనెల్లా అనే విరేచనాల క్రిమిని ఉన్నపాటున పీహెచ్ 3.3లో వేస్తే వేగంగా చస్తుంది. ముందు కాసేపు 5.8లో ఉంచి అప్పుడు వేస్తే, చాలా ఎక్కువ బతుకుతాయి. ఆ వ్యవధిలో రక్షణకు కావలసిన ప్రోటీన్లు తయారుచేసుకుంటాయి. పలచటి పులుపు వాటిని రాటుదేలుస్తుంది. సగం పులిసిన చద్దన్నం, కొంచెం నిమ్మరసం పడ్డ నీళ్లు, అప్పుడే తోడుపెట్టిన పాలు: వీటిలో దేన్నీ మందుగా లెక్కేయకండి. నేను పఖాళ రోజూ తింటాను, కుతకుతలాడించి చల్లార్చిన నీళ్లు పోసే.

కలరా క్రిమి ఆమ్లానికి తట్టుకోలేదు, అందుకే మామూలుగా జబ్బు తేవడానికి కోట్లలో కావాలి. గ్యాస్ బిళ్లలు మింగేవాళ్లకి అంతకంటే చాలా తక్కువే చాలు. 2007లో రాయగడ, కోరాపుట్, కలహండి జిల్లాల్లో కలరా చూసినవాళ్లకి దీని బరువు తెలుసు. రక్తవిరేచనాలు తెచ్చే షిగెల్లాకైతే 10 నుంచి 100 క్రిములు చాలు.

అభ్యాసం: చెంబులో లక్ష షిగెల్లా ఉన్నాయనుకోండి. నిమ్మరసం పదింటికి తొమ్మిదింటిని, కడుపు మిగిలినవాటిలో నూటికి తొంభైతొమ్మిదింటిని చంపాయి. ఎన్ని మిగిలాయి? రాటుదేలినందువల్ల కడుపు మిగిలినవాటిలో సగాన్నే చంపితే? చెంబులో పదివేలకి ఒకటే మిగిలేలా ముందు నీళ్లు కాచారనుకుని రెండు లెక్కలూ మళ్లీ చేయండి. నాలుగు జవాబుల్నీ షిగెల్లా అంకె పక్కన పెట్టి రాయండి. సిద్ధబీజాలు (కొన్ని క్రిములు గట్టి పెంకు కట్టుకుని నిద్రపోయే రూపం) అలా కాచినా చావవు. అవి వచ్చే పాఠంలో.