రాతి నుంచి నీటిలోకి – 4వ పాఠం: ఇనుము, మాంగనీసు

ఒకే వీధిలో రెండు బోర్లు ఉంటాయి. ఒకదాని నీరు రాత్రి బిందెలో పట్టి ఉంచితే తెల్లారేసరికి అడుగున ఎర్రటి మడ్డి, పైన తుప్పురంగు తెట్టు. రెండోదాని నీరు వారమైనా తేటగానే ఉంటుంది. కింద రాయి రెండింటికీ ఒకటే: తూర్పు కనుమల్లో కనిపించే ఖోండలైటు, దాని మీద ఎర్రమట్టి. తేడా ఎక్కడుందో కనిపెట్టడమే ఈ పాఠం.

కిందటి పాఠంలో సున్నం, కఠినత్వం గురించి చూశాం. అక్కడ పీహెచ్ (నీటిలో ఆమ్ల, క్షార గుణాల కొలత) తెలిస్తే చాలావరకు పని జరిగిపోయింది. ఇనుము, మాంగనీసు దగ్గర అంతకుముందే ఇంకొకటి తెలియాలి: ఆ నీటికి ప్రాణవాయువు అందుతోందా, లేదా? కిలో ఎర్రమట్టిలో ఇనుము పదుల గ్రాములుంటుంది. అయినా ఆ మట్టిలో తవ్విన నుయ్యి పైకి తెరిచి, గాలి ఆడుతూ ఉంటే లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము కూడా కరగకపోవచ్చు. గాలి తగిలిన ఇనుము ఫెర్రిక్ రూపంలో ఉంటుంది. మామూలు పీహెచ్‌లో అది కరగదు. గాలి అందని చోట సూక్ష్మజీవులు దాన్ని ఫెర్రస్ రూపానికి మారుస్తాయి. ఫెర్రస్ ఇనుము సులువుగా కరుగుతుంది, కరిగాక రంగు కనిపించదు. బోరు నోటి దగ్గర నీరు తేటగా ఉండి, బిందెలో ఎర్రబడేది అందుకే.

నేలలో ఇది ఒక వరుసలో జరుగుతుంది. కుళ్లే ఆకు, వేరు, పేడ తినే సూక్ష్మజీవులు ముందు ప్రాణవాయువును వాడేస్తాయి. అది అయిపోతే నైట్రేటును, ఆ తర్వాత మాంగనీసు ఆక్సైడును, ఆపైన ఇనుము ఆక్సైడును, చివరికి సల్ఫేటును పట్టుకుంటాయి. సల్ఫేటు దాకా వెళ్లిన నీటికి కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఈ వరుస కంఠతా వచ్చి ఉండాలి. ఒక బోరులో నైట్రేటు, కరిగిన ఇనుము రెండూ బాగా ఉన్నాయని రిపోర్టు వస్తే అది ఒకే పొర నీరు కాదన్నమాట. పై పొర నుంచి ఎరువుల నీరు, లోతు నుంచి గాలి లేని నీరు కేసింగులో కలుస్తున్నాయి. అలాంటి బోర్లలోనే కేసింగు గాట్లకు తుప్పుజిగురు పట్టి నీటి ధార తగ్గిపోతుంది.

మొదటి ప్రయోగం: సీసాలో ఇనుమును కరిగించడం

అర లీటరు తెల్లటి ప్లాస్టిక్ సీసాలు రెండు తీసుకోండి. ఒక్కోదానిలో 100 గ్రాముల ఎర్రమట్టి, 2 గ్రాముల గుడ్డుపెంకు పొడి వేయండి. ఒకదానిలో మాత్రం 10 గ్రాముల బెల్లం కలపండి. కాచి చల్లార్చిన నీటిని మూత దాకా నింపి, నీడలో ఉంచండి. బెల్లం పులిసి గ్యాసు పుడుతుంది కాబట్టి రోజుకోసారి మూత అర చుట్టు వదులు చేసి మళ్లీ బిగించండి. మరిచిపోతే సీసా పగులుతుంది.

వారం, పది రోజుల్లో బెల్లం సీసాలో మట్టి ఎరుపు పోయి బూడిదరంగుకు తిరుగుతుంది. రెండో సీసాలో మట్టి ఎర్రగానే ఉంటుంది. గుడ్డుపెంకు ఎందుకంటే, బెల్లం పులిస్తే ఆమ్లం పుడుతుంది, పెంకు దాన్ని విరుస్తుంది; ఇనుమును కరిగించింది ఆమ్లమా, గాలి లేకపోవడమా అన్న అనుమానం మిగలకూడదు. పెంకుకు బదులు బళ్లో వాడే సుద్దముక్క వేయకండి. అది చాలావరకు జిప్సం, అంటే సల్ఫేటు. సూక్ష్మజీవులు దాన్ని సల్ఫైడుగా మారిస్తే ఇనుము నల్లటి సల్ఫైడై అడుగున పడిపోతుంది, నీటిలో దొరకదు.

ఇదే పని వరి మడిలో ఏటా జరుగుతుంది. దమ్ము పట్టి నీరు నిలిపిన మడిలో, గట్టు వార ఊటలో, నీటి మీద నూనె తెట్టులా రంగులు తేలే పొర కనిపిస్తుంది. పుల్లతో పొడవండి. ముక్కలుగా విరిగి అలాగే ఉండిపోతే అది ఇనుము పొర. చెదిరి మళ్లీ కలిసిపోతే నూనె. పరీక్షకు పుల్ల తప్ప ఏమీ అక్కర్లేదు.

రెండో ప్రయోగం: రంగుల మెట్లు

ఎంత ఇనుముందో అంచనాకు కరక్కాయ సరిపోతుంది. దానిలోని టానిన్ ఇనుముతో కలిస్తే నీలినలుపు రంగు వస్తుంది. ఒక చెంచా కరక్కాయ పొడిని 100 మి.లీ. వేడినీటిలో పది నిమిషాలు నానబెట్టి, గుడ్డతో వడకట్టండి. ఏ రోజుది ఆ రోజే వాడాలి.

పోల్చి చూడటానికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు) కావాలి. ఎరువుల కొట్లో దొరుకుతుంది. పచ్చటి స్ఫటికాలే తీసుకోండి, గోధుమరంగుకు తిరిగినది పనికిరాదు. దానిలో ఇనుము సుమారు 20 శాతం. కంసాలి త్రాసులో 5 గ్రాములు తూచి లీటరు బ్యాటరీ నీటిలో కరిగించండి. అందులో 100 మి.లీ. తీసి మళ్లీ లీటరు చేస్తే లీటరుకు సుమారు 100 మి.గ్రా. ఇనుమున్న ద్రావణం తయారవుతుంది. వంటింటి త్రాసు మీద అర గ్రాము నేరుగా తూచకండి, లెక్క సగానికి సగం తప్పుతుంది.

ఐదు గాజు గ్లాసులు పెట్టి, ఆ పలుచటి ద్రావణాన్ని సిరంజితో 0, 0.5, 1, 2.5, 5 మి.లీ. చొప్పున పోసి, ఒక్కోదాన్ని బ్యాటరీ నీటితో 50 మి.లీ. చేయండి. ఇవి లీటరుకు 0, 1, 2, 5, 10 మి.గ్రా. మెట్లు. ఆరో గ్లాసులో మీ బోరు నీరు 50 మి.లీ. అన్నింటిలోనూ సమానంగా చిటికెడు తినేసోడా, 5 మి.లీ. కరక్కాయ నీరు వేసి కలిపి, పది నిమిషాల తర్వాత తెల్ల కాగితం మీద పెట్టి పైనుంచి చూడండి. సోడాలో కరక్కాయ నీరు తనంతట తానే కొంచెం గోధుమరంగుకు తిరుగుతుంది. సున్నా గ్లాసు ఉన్నది ఆ రంగును తీసేసి చూడటానికే. గ్లాసుకు నిమ్మరసం, చింతపండు అంటుకుని ఉంటే ఇనుమున్నా నలుపు రాదు.

ఇది అంచనా మాత్రమే. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 లో ఇనుము హద్దు 2012 లో లీటరుకు 0.3 మి.గ్రా. ఉండేది, 2015 సవరణతో 1.0 అయింది. ఆ హద్దుకు అటా ఇటా అని తేల్చాలంటే ప్రయోగశాలే దిక్కు. ఈ గ్లాసుల నీరు తాగకండి, పిల్లలకు అందనీయకండి.

బోరు దగ్గర చేయాల్సింది

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. మోటారు వేసి ముందుగా వచ్చిన నీటిలో కొంత, పది, పదిహేను నిమిషాలు నడిచాక కొంత పట్టండి. మొదటిది ఎర్రగా, రెండోది తేటగా ఉండి, ఆ రెండోది ఎంత నిలవ ఉంచినా ఎర్రబడకపోతే తుప్పు మీ ఇనుప పైపుది, భూగర్భజలాన్ని తప్పుపట్టక్కర్లేదు. రెండోది పట్టినప్పుడు తేటగా ఉండి నిలవ ఉంచాక ఎర్రబడితే అది నేలలో కరిగి వచ్చిన ఇనుము. మొదటి నుంచీ ఎర్రగా, జిగటగా వస్తే ఇనుము బాక్టీరియా బోరులోనే పెరుగుతోంది.

పీహెచ్ కాగితాన్ని బోరు నోటి దగ్గరే ముంచండి. ఇంటికి తెచ్చేసరికి కరిగిన బొగ్గుపులుసు గాలి (కార్బన్ డయాక్సైడు) పోయి పీహెచ్ పెరుగుతుంది; 6.5 ఉన్న నీరు 7 దాటి చూపిస్తుంది. ఆ తేడా ఎంత పెద్దదో కింది లెక్క చెబుతుంది.

గాలి బాగా తగిలే నీటిలో, 20 డిగ్రీల దగ్గర, కరిగిన ఫెర్రస్ ఇనుములో సగం ఫెర్రిక్‌గా మారడానికి పీహెచ్ 7 లో సుమారు 4 నిమిషాలు పడుతుంది. పీహెచ్ 6.5 లో 40 నిమిషాల పైన. పీహెచ్ 6 లో ఇంచుమించు 7 గంటలు. అంటే పీహెచ్ ఒక అంకె పడితే వేగం వందో వంతవుతుంది. మన నీరు ఇంకా వెచ్చన కాబట్టి కొంత త్వరగానే అవుతుంది, కానీ నిష్పత్తి మారదు.

ప్రాణవాయువు సంగతి చూడండి. 7 మి.గ్రా. ఇనుముకు 1 మి.గ్రా. చాలు. 30 డిగ్రీల దగ్గర గాలి పట్టిన లీటరు నీటిలో 7.5 మి.గ్రా. ప్రాణవాయువు ఉంటుంది. కాబట్టి గాలి చాలకపోవడం అరుదు, చాలనిది సమయం. నీటిని చిల్లుల పళ్లెం మీదుగా జల్లులా కిందికి వదలడంలో అసలు లాభం బొగ్గుపులుసు గాలి వదిలిపోయి పీహెచ్ పెరగడమే.

డ్రమ్ము వడపోత

లీటరుకు 6 మి.గ్రా. ఇనుము, పీహెచ్ 6.5 ఉన్న నీరు అనుకుందాం. 6 నుంచి 3, 1.5, 0.75: మూడుసార్లు సగం కావాలి, అంటే రెండు గంటల పైన. నిమిషానికి లీటరు చొప్పున 200 లీటర్ల డ్రమ్ము గుండా పంపితే మూడు గంటలకు పైగా నిలుస్తుంది, సరిపోతుంది. పైన చిల్లుల పళ్లెం పెట్టండి.

రెండో డ్రమ్ములో అడుగున 10 సెం.మీ. గులకరాళ్లు, వాటి మీద 50 సెం.మీ. ఇసుక. నాగావళి, వంశధార ఇసుకను 2 మి.మీ. జల్లెడ పట్టి, కడిగిన నీరు తేటగా వచ్చేదాకా కడగండి. సముద్రపు ఇసుక వద్దు. ఉప్పుతో పాటు ఇల్మెనైటు వంటి బరువు ఖనిజాలుంటాయి, కడిగినా అవి పోవు. గొట్టం చివరను ఇసుక మట్టం కంటే పైకి వంచితే ఇసుక ఎప్పుడూ ఎండదు.

ధార తగ్గితే పైన రెండు, మూడు సెంటీమీటర్ల ఇసుక మాత్రమే తీసి కడగండి. ఆ ఎర్ర మడ్డిని నూతిలోగాని, చెత్త కుళ్లే గోతిలోగాని పారబోయకండి. గాలి అందని చోట అది మళ్లీ కరుగుతుందని బెల్లం సీసా చూపించింది కదా.

చెరువు పక్క బోర్లలో కొన్నిసార్లు నీరు లేత టీ రంగులో ఉండి, ఎన్ని గంటలైనా మడ్డి దిగదు. కుళ్లిన ఆకుల పదార్థం ఇనుమును పట్టుకుని ఉంచుతుంది. దానికి ఈ డ్రమ్ము పనిచేయదు, పటిక వేసి మడ్డి పేరుకునేలా చేయాలి.

మాంగనీసు

దేశంలో మాంగనీసు తవ్వకం 1892 లో మొదలైంది విజయనగరం ప్రాంతంలోనే. కోడూరు గని పేరు మీదే కోడూరైటు అన్న రాతికి ఆ పేరొచ్చింది. మాంగనీసున్న గార్నెట్టు దానిలో ముఖ్య ఖనిజం. గరివిడి, చీపురుపల్లి వైపు నీరు పరీక్షించేవారు ఇనుముతో పాటు మాంగనీసు కూడా అడిగి చేయించాలి. హద్దు లీటరుకు 0.1 మి.గ్రా., వేరే నీరు లేకపోతే 0.3.

వరుసలో మాంగనీసు ఇనుము కంటే ముందే కరుగుతుంది, తిరిగి పేరుకోవడానికి మాత్రం చాలా కాలం తీసుకుంటుంది. పీహెచ్ 9 లోపు వట్టి గాలితో అది కదలదనే అనుకోండి. అందుకే కొత్త డ్రమ్ము ఇనుమును మొదటి రోజుల్లోనే ఆపినా మాంగనీసు వారాల తరబడి దాటిపోతుంది. ఇసుక రేణువుల మీద నల్లటి పూత పట్టాకే పని మొదలవుతుంది. ఆ పూత, దాని మీది బాక్టీరియా కలిసి మాంగనీసును పట్టేస్తాయి. ఇసుక నల్లబడిందని పారేసి కొత్తది పోస్తే ఆ వారాలన్నీ మళ్లీ మొదటికే.

బ్లీచింగు పౌడరు ఈ డ్రమ్ములకు ముందు వేయకండి. ఆ బాక్టీరియా చస్తుంది. వడకట్టిన తర్వాతే వేయాలి. మాంగనీసున్న నీటిలో తెల్లబట్టలకు బ్లీచింగు వాడితే గోధుమ మరకలు పట్టి, ఉతికినకొద్దీ ముదురుతాయి.

ఈ పాఠానికి అభ్యాసం

1. పీహెచ్ 6, ఇనుము లీటరుకు 4 మి.గ్రా. నిమిషానికి లీటరు ధార. 0.5 కు దించాలంటే 200 లీటర్ల డ్రమ్ములు ఎన్ని? జల్లు వల్ల పీహెచ్ 6.5 కు పెరిగితే ఎన్ని?

2. బోరు నీరు పట్టగానే తేట, గంటకు తేట, మర్నాటికి ఎర్రమడ్డి. పీహెచ్ సుమారు ఎంత ఉండొచ్చు?

3. వడపోసిన నీటిలో ఇనుము 0.2, మాంగనీసు 0.8. డ్రమ్ము పెట్టి 12 రోజులైంది. ఏం మార్చాలి, ఏం మార్చకూడదు?