వెర్నే చిత్రించిన మార్సేయ్ రేవును ఎలా చూడాలి?

ఓడరేవును చూపే పెద్ద తైలవర్ణచిత్రం ఎదుట నిలబడినప్పుడు చూపు ముందుగా ఆకాశం మీదికీ తెరచాపల మీదికీ పోవడం సహజం. ఫ్రెంచి చిత్రకారుడు క్లోడ్ జోజెఫ్ వెర్నే, దక్షిణ ఫ్రాన్స్ ఓడరేవు నగరమైన మార్సేయ్‌ను చూపుతూ 1754లో పూర్తిచేసిన ‘మార్సేయ్ రేవు ప్రవేశం’ విషయంలో మాత్రం ఆ చూపును కాసేపు ఆపి, కాన్వాసు అడుగు అంచు నుంచి మొదలుపెట్టడం మంచిది. చిత్రకారుడు ఈ పనిని ఏ షరతుల మీద ఒప్పుకున్నాడో తెలిస్తే అందుకు కారణం బోధపడుతుంది.

అవిన్యోన్‌లో 1714లో పుట్టిన వెర్నే, రోమ్‌లో దాదాపు ఇరవై ఏళ్లు సముద్రదృశ్యాలు చిత్రించి పేరు తెచ్చుకున్నాడు. 1753లో ఫ్రాన్స్ రాజు పదిహేనవ లూయీ తరఫున రాజభవనాల అధికారి మారిన్యీ అతనికి ఫ్రాన్స్ ఓడరేవులన్నింటినీ చిత్రించే బాధ్యత అప్పగించాడు. మొత్తం 24 చిత్రాలు అనుకున్నారు; 1765 నాటికి 15 పూర్తయ్యాయి. ఒక్కోదానికి 6,000 లీవ్రులు (అప్పటి ఫ్రెంచి డబ్బు) చెల్లించేలా ఒప్పందం. చిత్రంగా అందంగా ఉండాలి, ఊరు ఊరిలాగే కనిపించాలి అన్నది మారిన్యీ పట్టుదల. అంతేకాక, ఆయా రేవుల్లోని మనుషుల వేషం, వృత్తి, సరుకు ముందుభాగంలో కనబడాలని కోరారు. అంటే రాజు అడిగిన సమాచారంలో చాలాభాగం చిత్రం అడుగునే ఉంది.

ఇక చూసే పద్ధతి. ఈ వరుసలోని చిత్రాలు సుమారు 165 సెంటీమీటర్ల ఎత్తు, 263 సెంటీమీటర్ల వెడల్పు ఉంటాయి కాబట్టి మొదట నాలుగైదు అడుగుల దూరం చాలదు; చిత్రమంతా ఒక్క చూపులో పట్టేంత వెనక్కి వెళ్లి, వెలుగు ఎక్కడ ఎక్కువగా ఉందో మాత్రం గుర్తుపెట్టుకుని, ఆ తర్వాతే దగ్గరికి రావాలి. తెర మీద చూసేవారు కూడా మొదట చిత్రాన్ని పూర్తిగా చూసి, తర్వాతే పెద్దది చేసుకోవాలి. ముందే పెద్దది చేస్తే మనుషులు విడివిడి బొమ్మలుగా మిగిలిపోతారు, వారి వెనకనున్న ఊరు తప్పిపోతుంది.

దగ్గరికి వచ్చాక తొందరపడకూడదు. రేవుకు ఎదురుగా ఉన్న ‘తెత్ ద మోర్’ కొండ వాలు మీద నుంచి తీసుకున్న దృశ్యమిది. అందుకే ముందుభాగంలో సరుకుల రద్దీకి బదులు ఊరివారి కాలక్షేపాలు కనిపిస్తాయి. వారి మధ్యనే బొమ్మ గీస్తూ వెర్నే తనను తాను చిత్రించుకున్నాడు. 117 ఏళ్లవాడని అప్పట్లో పేరుపడిన అనిబాల్ అనే ముసలాయన కూడా అక్కడే ఉన్నాడు. ఆ వయసు నిజమో కాదో పక్కనపెట్టినా, ఊరంతా ఎరిగిన మనిషిని వెతికి చిత్రంలో కూర్చటం వెర్నే శ్రద్ధను చూపుతుంది. ఒక్కొక్క గుంపు దగ్గర ఆగి, వారు ఎటు చూస్తున్నారో గమనించాలి. కొందరి చూపు మనల్ని నీటివైపు తిప్పుతుంది. మన కన్ను పైకి వెళ్లవలసిన దారి అదే.

ఆ దారిన వెళ్తే రెండు కోటలు ఎదురవుతాయి. ఒకటి సెయింట్ జాన్ కోట, రెండవది సెయింట్ నికొలాస్ కోట. రెండవదాన్ని పద్నాల్గవ లూయీ 1660ల్లో కట్టించాడు. సముద్రం మీదినుంచి వచ్చే శత్రువుతోపాటు ఎదురుతిరిగే అలవాటున్న మార్సేయ్ నగరాన్ని కూడా అదుపులో ఉంచడం దాని పని. ఆ సంగతి తెలిశాక, ముందుభాగంలోని ఉల్లాసానికీ ఆ గోడలకూ మధ్యనున్న దూరం చూపరికి వేరేగా తోస్తుంది.

ఇప్పుడు వెలుగు. చిత్రంలోని సమయం సూర్యాస్తమయమని వెర్నేయే పేర్కొన్నాడు. సూర్యుడు ఏ వైపున ఉన్నాడో నేరుగా వెతక్కుండా, ముందు మనుషుల నీడలనూ కోటగోడల వెలుగుముఖాలనూ పరిశీలించి తేల్చుకుని, తర్వాత ఆకాశం చూడటం మంచి అభ్యాసం. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: పాత తైలవర్ణచిత్రాల మీది వార్నిష్ కాలక్రమంలో పసుపెక్కుతుంది, అచ్చుప్రతుల్లో, తెరల మీద రంగు మరింత మారుతుంది. కాబట్టి కనిపించిన పసుపంతా సాయంసంధ్యదే అనుకోరాదు.

ఈ చిత్రాన్ని ఒంటరిగా చూసి వదిలేయకూడదని నా అభిప్రాయం. అదే ఏడాది వేసిన ‘మార్సేయ్ రేవు లోపలి భాగం’ పక్కన పెట్టుకుంటే ఊరు రెండోవైపు తెరుచుకుంటుంది. తూర్పు మధ్యధరా, ఇటలీ, ఉత్తర ఆఫ్రికా దేశాలతో జరిగే వర్తకాన్ని చూపడానికి అక్కడ వెర్నే రకరకాల దేశాల మనుషులను వారి దుస్తుల్లో నింపాడు. తర్వాత ఇదే వరుసలో, సముద్రం వైపు నుంచి చూసినట్టు వేసిన సేత్ అనే మరో రేవు చిత్రాన్ని చూడాలి. అందులో పోటెత్తిన అలలు ఊరిని వెనక్కి నెట్టేశాయి, పోలిక తగ్గిందని మారిన్యీ అసంతృప్తి చెందాడు కూడా. నాకు ఆ అలలే ఇష్టం, కానీ ఒప్పందం ప్రకారం చూస్తే అధికారి మాటే సబబు.

వరుసలో రెండు చిత్రాలు, అంటే మార్సేయ్ ప్రవేశం, తూలోన్ నగర దృశ్యం పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం సేకరణకు చెందుతాయి. మిగిలిన 13 అదే నగరంలోని జాతీయ నౌకా మ్యూజియానివి. వెళ్లే అవకాశమున్నవారు లూవ్ర్‌లో ప్రవేశాన్ని చూసి, ఆ తర్వాత నౌకా మ్యూజియంలో లోపలి భాగాన్ని చూడటం మంచిది; కొండ మీదినుంచి చూసిన రేవులోకి అప్పుడు అడుగుపెట్టినట్టవుతుంది.