బలాలు, లోపాలు బట్టీ పట్టకండి, ఒక పిల్లాణ్ణి పట్టుకోండి

టెట్‌కో బీఈడీకో సైకాలజీ చదివేవాళ్లకు ఒక మాట. ప్రవర్తనావాదం (మనసును కాదు, బయటికి కనిపించే ప్రవర్తననే చూడాలనే సిద్ధాంతం) బలాలు నాలుగు, లోపాలు నాలుగు అని బట్టీ పట్టకండి. తెలిసిన ఒక పిల్లాణ్ణి మనసులో పెట్టుకుని, ఒక్కో సిద్ధాంతంతో వాణ్ణి చూడండి.

నేను పెట్టుకున్నది నారాయణపేట వైపు ఒక బడిలో మూడో తరగతి పిల్లాడిని. అమ్మానాన్న పుణెకు వలస పోయారు, వీడు అవ్వ దగ్గర. క్లాసులో నోరు విప్పడు. పేరు పిలిస్తే తల దించుకుని పలక అంచు గీకుతూ కూర్చుంటాడు.

ప్రవర్తనావాది స్కిన్నర్ చెప్పినట్టు జవాబు చెప్పిన ప్రతిసారీ మెచ్చుకుంటే, రోజుకు ఎన్నిసార్లు మాట్లాడాడో లెక్కపెట్టి చూపొచ్చు. అది బలం. కానీ ఎందుకు మూగబోయాడో ఆ లెక్కలో ఉండదు. మనసు లోతుల్లో దాగిన కారణాలు వెతికే ఫ్రాయిడ్ ఆ ‘ఎందుకు’నే పట్టుకుని అమ్మ దూరమైన బాధ దాకా పోతాడు. అయితే ఆయన చెప్పింది తప్పో ఒప్పో పరీక్షించడం చాలా కష్టం. మాస్లో 1943లో చెప్పిన అవసరాల క్రమంతో (ముందు తిండి, భద్రత, ఆ తర్వాతే మిగతావి) చూస్తే, పొద్దున తిన్నాడా, రాత్రి భయం లేకుండా పడుకున్నాడా అని అడుగుతాం. నా మట్టుకు ముందు అడగాల్సింది ఇదే. కానీ ఆ క్రమం అందరికీ ఒకటే కాదు. ఆకలితోనే పాటలు కట్టినవాళ్లు మన పాలమూరులో ఎంతమంది!

ఇంకో పని. ప్రతి సిద్ధాంతం పక్కన, ఎవరిని చూసి చెప్పారో రాసుకోండి. నేర్చుకోవడం మీద ప్రయోగాలు చేసిన పావ్‌లోవ్‌కు కుక్కలు, స్కిన్నర్‌కు ఎలుకలు, పావురాలు. ప్రవర్తనావాది వాట్సన్, ఆయనతో పనిచేసిన రేనర్ 1920లో భయం నేర్పి చూపించింది ఒకే ఒక్క పసివాడికి. సగం లోపాలు అక్కడే దొరుకుతాయి.